కొంగు వాసన

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

బందరులో ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు ఆటా మాటా నేర్పే చోట పనిచేసేదాన్ని. అక్కడికి నాలుగేళ్ల లక్ష్మి వచ్చేది. వాళ్లమ్మ నాగమణి ఎండుచేపలు అమ్ముకుని, గంప మెట్ల దగ్గర దించి, పిల్ల కోసం లోపలికి వచ్చేది. లక్ష్మి ఎవరి మొహమూ చూసేది కాదు. అమ్మా అని పిలిచేది కాదు. కానీ తల్లి రాగానే పరుగెత్తి, ఆమె కొంగులో మొహం దాచుకుని గట్టిగా వాసన పీల్చేది. బిగుసుకున్న పిడికిళ్లు మెల్లగా విచ్చుకునేవి. ‘తల్లి మీద ప్రేమ చూపించే తీరు ఇదే’ అని నా నోట్‌బుక్కులో నేనే రాసుకున్నాను. చూశారా, తెలియక చేసింది కాదు.

ఆ వాసన నాకు పడేది కాదు. ముదినేపల్లిలో మాకూ చేపల చెరువులున్నాయి, వాటి రాబడితోనే చదువుకున్నాను. అయినా ఆమె గదిలోకి వస్తే ముక్కు మూసుకోవాలనిపించేది. ఆ మాట పైకి అనడానికి మర్యాద అడ్డొచ్చింది. ఏం మర్యాదో, నా మొహం!

ఒకరోజు అనేశాను. “ఇలాంటి పిల్లలకి ఘాటు వాసనలు పడవమ్మా. స్నానం చేసి, చీర మార్చుకుని రా.”

“అయ్యో, నాకెవరూ చెప్పలేదండీ! అయితే ఇన్నాళ్లూ దాన్ని ఏడిపించింది నేనేనా అండీ?”

కాదనాలి కదా? తలూపాను.

మర్నాడు సబ్బుతో రుద్దుకుని, పౌడరు రాసుకుని వచ్చింది. లక్ష్మి పరుగెత్తింది. కొంగు వాసన చూసింది. ఆగింది. మళ్లీ చూసింది. ఆ తర్వాత తన మణికట్టు తానే కొరుక్కుంటూ కేకలు పెట్టింది. నాగమణి బెదిరిపోయి వెనక్కి జరిగింది, ఇంకా వాసన పోలేదేమోనని తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు. పిల్లని పట్టుకుని లోపలికి తీసుకెళ్లిపోయాను. అది ఒట్టి పిరికితనమా, లేక ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే ఇక నా మాట ఎవరూ వినరన్న భయమా? రెండూనేమో. కొన్నాళ్లకు లక్ష్మి తల్లి వైపు పరుగెత్తడం మానేసింది.

పోయిన నెల గుడివాడ బస్టాండులో కనిపించారు. పిల్ల పొడుగైంది. తల్లి దానికి మూరెడు దూరంలో నిలబడి ఉంది.

“నా వాసన దానికి పడదన్నారు కదా, అప్పట్నుంచీ దగ్గరికి తీసుకోవట్లేదండీ. నిద్రపోయాక మాత్రం ఒక్కసారి ముద్దు పెట్టుకుంటాను. తప్పు కాదు కదండీ?”

నా బస్సు వచ్చింది. ఎక్కేశాను.

నాగమణీ, ఆ వాసన పడనిది నీ కూతురికి కాదు. నాకు.

ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. ఆమెకు చదవడం రాదు. అది తెలిసే రాశానేమో.