క్యోటోలో మేం పట్టుకున్న చోటు

మొన్న ఆదివారం పొద్దున సింగపూర్ టాంపినీస్‌లో మా బ్లాకు దగ్గర తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి టిఫినుకి వెళ్ళాను. నాతోపాటు పక్కింటమ్మాయి కూడా వచ్చింది, కొత్తగా పెళ్ళయి విజయవాడ నుంచి వచ్చిన పిల్ల. ఖాళీ టేబుల్ మీద ఎవరో పెట్టి వెళ్ళిన టిష్యూ ప్యాకెట్ చూసి, "అయ్యో, ఎవరో మర్చిపోయారు ఆంటీ, ఆ కొట్లో ఇచ్చేసొస్తా" అని చెయ్యి చాపింది. గభాల్న ఆపాను. మర్చిపోవడం కాదమ్మా, దీన్ని ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు, బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తామే, అలాంటిదే, వాళ్ళు వచ్చేదాకా ఆ టేబుల్ వాళ్ళదే అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం క్యోటో గుర్తొచ్చి, దోసె చల్లారిపోయినా ముట్టుకోలేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఒక్క రాత్రిలో ఆగిపోతాయని లోకమంతా బెంబేలెత్తిన రోజులవి. మా బోటివాళ్ళకి ఆ భయమే అన్నం పెట్టింది. సింగపూర్ నుంచి మావారిని కంపెనీవాళ్ళు పనిమీద జపాన్‌లోని ఒసాకా పంపుతుంటే, చూసినట్టుంటుందని పాపనీ నన్నూ కూడా తీసుకెళ్ళారు. వెళ్ళాక తెలిసింది, రెండేళ్ళు అక్కడే ఉండమని అడుగుతున్నారట. శనివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలట. నా సంగతి చూస్తే, అమీర్‌పేటలో నేర్చుకున్న కోబాల్ ప్రోగ్రామింగ్ తుప్పు పట్టిపోతోందని ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని ఏడ్చి, కనిపించిన ప్రతి ఆఫీసుకీ అర్జీ పెట్టి, చివరికి సింగపూర్ తంజోంగ్ పగార్‌లో ఒక ఉద్యోగం సంపాదించుకున్నాను. సోమవారం చేరాలి. ఆ మాట ఆయనకీ తెలుసు. "ముందు ఊరు చూడు, నచ్చకపోతే మానేద్దాం" అన్నారు. పెళ్ళిచూపుల్లో పిల్లని చూపించినట్టు, ఆ శనివారం నాకు ఒసాకా పక్కనే ఉన్న క్యోటో చూపించడానికి బయల్దేరారు.

"బస్సెక్కితే ఊరేం కనిపిస్తుంది" అని రైలు దిగిన దగ్గర్నుంచీ నడకే. నేను చీర మీద స్వెట్టరు వేసుకుని, చలికి మేజోళ్ళు తొడుక్కుని, వాటి మీద వేలి చెప్పులు దూర్చుకున్నాను. మేజోడు వేళ్ళ మధ్య ముడుచుకుపోయి అడుగడుక్కీ నలుపుతోంది. ఆయనవేమో కొత్త లేసుల బూట్లు. అక్కడ ఏ గుడిలోకి వెళ్ళినా చెప్పులు విప్పాల్సిందే కదా, ప్రతి గుమ్మం దగ్గరా ఆయన చతికిలబడి లేసులు విప్పుకోవడం, బయటికొచ్చి మళ్ళీ కట్టుకోవడం. ఆ సమయంలో నేను పాప చెయ్యి పట్టుకుని ఇసకలో గీతలు గీసిన తోటకేసి చూస్తూ నిలబడేదాన్ని. చూశానన్న మాటే గాని ఏమీ కనబడలేదు. ఒక కోటలో అడుగేస్తే పిట్టలా కిచకిచమనే చెక్క నేల ఉంది, దొంగచాటుగా వచ్చే శత్రువు తెలిసిపోవాలని అలా చేయించారట. ఆయన ముచ్చటపడి రెండుసార్లు అటూ ఇటూ నడిచారు. పాప కాళ్ళీడ్చుకుంటూ, తన సింగపూర్ ఇంగ్లీషులో, "నాన్నా, టూ ఫార్ లా, గో హోమ్ కెన్?" అని మొదలుపెట్టింది. ప్రతి చోటా ఆయన నావైపు తిరిగి, "ఎలా ఉంది?" అనేవారు. "బావుంది" అనేదాన్ని. లోపల మాత్రం ఒకటే కంగారు. సాయంత్రం దగ్గరపడుతోంది, ఈయనేమో ఇంకో గుడి ఉందంటున్నారు. ఆయన మీద కోపం వచ్చేది, అంత సంబరంగా చూపిస్తున్న మనిషి మీద కోపమేమిటని మరుక్షణం సిగ్గేసేది.

మధ్యాహ్నం ఒక గుడి మెట్ల పక్కన టీ కొట్టు కనిపించింది. వేయించిన టీ ఆకు వాసన వీధంతా కమ్ముకుంది. బయట ఎర్ర గుడ్డ పరిచిన బల్ల ఒకటే ఖాళీగా ఉంది. నా సంచిలో పులిహోర ఉంది, టీ తీసుకుని అక్కడ కూర్చుని తినేద్దామనుకున్నాం. ఈలోపు గుడి మూసేస్తారేమోనని మావారు సింగపూర్ అలవాటు కొద్దీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, నిశ్చింతగా మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఇద్దరు ముసలమ్మలు ఆ బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ప్యాకెట్ లేదు. "అదేంటి, చోప్ చేసి వెళ్ళాం కదా" అని ఆయన తెల్లబోయారు. ఏం చేస్తాం, ఆకలితోనే వాలు దిగడం మొదలుపెట్టాం. చాలా దూరం వచ్చాక వెనకనుంచి ఎవరో పిలుస్తున్నట్టు వినిపించింది. టీ కొట్టు పెద్దాయన, నడుముకి ఏప్రన్‌తో, రొప్పుతూ పరిగెత్తుకొస్తున్నాడు. మా దగ్గరికొచ్చి, సగం వాడిన ఆ టిష్యూ ప్యాకెట్‌ని రెండు చేతులా పట్టుకుని, నడుం దాకా వంగి అందించాడు. మావారూ వంగారు. పెద్దాయన మళ్ళీ వంగాడు. మావారు మళ్ళీ. వాళ్ళ వంగుళ్ళు చూస్తుంటే నాకు నవ్వాగలేదు. పెద్దాయన వెళ్ళిపోయాక కూడా నవ్వుతూనే ఉన్నాను, ఎప్పుడు ఏడుపులోకి దిగిందో తెలియలేదు. ఓ ఇంటి అరుగు మీద కూలబడ్డాను.

"ఏమైంది? కాళ్ళు నొప్పా?" అన్నారు.

"నేనూ సింగపూర్‌లో ఓ చోటు పట్టుకుని వచ్చానండీ. రెండేళ్ళు నాకోసం ఎవరు ఆపుతారు?"

ఆయన వచ్చి నా పక్కనే అరుగు మీద కూర్చున్నారు. "ఈ మాట పొద్దున్నే అనొచ్చుగా."

"మీరు పొద్దుట్నుంచీ ఊరెలా ఉందనే అడుగుతున్నారు."

ఆయన నా సంచిలోంచి పులిహోర డబ్బా తీసి, మూత మీద పెట్టి ముందు పాపకి, తర్వాత నాకు ఇచ్చారు. మరో గుడి మాట ఎత్తలేదు. స్టేషన్లో పబ్లిక్ ఫోన్ దగ్గరికి వెళ్ళి కంపెనీవాళ్ళ నంబరు నొక్కారు. నేను దూరంగా పాపని ఎత్తుకుని నిలబడ్డాను. మాటలు వినబడలేదు. అవతలి మనిషికి కనబడదని తెలిసి కూడా, రిసీవర్ చెవిన పెట్టుకుని ఆయన మళ్ళీ మళ్ళీ తల వంచుతున్నారు. వచ్చి, "సోమవారం పాపని స్కూల్లో నేను దింపుతాలే" అన్నారు. అంతే.

ఆ ఉద్యోగంతో నేను మనిషినయ్యాను. ఆయన బదులు ఒసాకా వెళ్ళినాయన ఎక్కడికో ఎదిగిపోయాడని తర్వాతెప్పుడో విన్నాం. అది విన్న రోజు కూడా మావారు నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూ ఉండేది. మొన్న హాకర్ సెంటర్ నుంచి ఇంటికొచ్చి, పేపరు చదువుకుంటున్న ఆయన్ని అడిగేశాను, ఆ ఒసాకా అవకాశం వదులుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని. కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏ అవకాశం?" అన్నారు. నిజంగా మర్చిపోయారో, నాకోసం మర్చిపోయారో ఆ మొహంలో తెలియలేదు. ఇన్నేళ్ళకి అడిగే ధైర్యం వచ్చింది గాని, నాకు కావలసిన జవాబు మాత్రం ఇక దొరకదనిపించింది.