మూడుదార్ల కాడ ఏడు రాళ్లు

"రాళ్లు నేనే పెట్టిన అని చెప్త. నువ్వు నోరు తెరవకు."

"పెట్టింది నేనైతే నువ్వెట్ల చెప్తవు?"

"నీ నోటి సంగతి తండకంత తెల్సు. ఇయ్యాల ఒక్కపూట జర మూస్కో. రొట్టెలు మూతపెట్టు, మాపటికి వస్త."

నా పెనిమిటీ నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ఆ తర్వాత పదకొండేళ్లు ఒక్క గుడిసెలోనే బతికాం గానీ, మా మధ్య మాట లేదు.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మానుకోట కాలేజీలో చదివే మనవరాలు రాస్తోంది. ఈసారి దాటుడు పండుగకు రాళ్లను మూడుదార్ల దగ్గర పెడతారట, అక్కడైతే టెంటు వేయడానికి జాగా ఉందట అని పొద్దున తనే చెప్పింది. తాగుతున్న చాయ్ కింద పెట్టి, పుస్తకం తెచ్చుకో అన్నాను.

నా ఈడు లంబాడీ వాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. తొలకరి పడ్డాక ఒక మంగళవారం నాడు సీత్లా తల్లి, ఆమె అక్కచెల్లెళ్ల పేరిట ఏడు రాళ్లు నిలిపి, మేకను కోసి, పేగులను దారికి అడ్డంగా పరిచి, గుగ్గిళ్లు చల్లుతూ మందనంతా దాటిస్తాం. దాటిన పశువుకు రోగం రాదని మా నమ్మకం. నేను కొత్త కోడలిగా బయ్యారం దిక్కున్న ఈ తండాకు వచ్చిన ఏడాది, రాళ్లు నిలిపే వంతు మా ఇంటిది. ఆయన పశువులను తోలుకు రావడానికి పోతే, తెల్లవారుజామున నేనొక్కదాన్నే రాళ్లు మోసుకుపోయాను. ఎప్పుడూ పెట్టే చోటు వాగునీళ్లలో మునిగి ఉంది. కాటారం అడవిలోని మా పుట్టింటి తండాలో మూడుదార్లు కలిసే చోట పెట్టేవాళ్లం కదా అని, ఇక్కడా అట్లాగే పెట్టాను. అక్కడ మా పశువులు తప్ప వేరేవి నడవవు. ఇక్కడ కింది ఊరి మంద కూడా ఆ దారినే మేతకు వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు.

కింది ఊరంటే భూములున్న దొరల ఊరు. మా చేతి నాట్లు, మా కట్టెలు, మా నెయ్యి కావాలి వాళ్లకు, దాహమైతే మాత్రం దోసిట్లో పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. మా బాస విని నవ్వేవాళ్లు. పండుగైన ఎనిమిదో రోజున దొర ఎద్దుల జత గొంతులు ఉబ్బి చచ్చిపోయింది. ఆ వెనుక ఇంటింటా పశువులు పడిపోవడం మొదలైంది. మేం దారిలో పెట్టిన రాళ్లను దాటినందుకే అన్నారు. అప్పటినుంచి ఊరు మమ్మల్ని చూసి నవ్వడం మానేసింది. నాకు మొదట భయం పుట్టింది అందుకే. మా పిల్లలు చల్లగా ఉండాలని మేం పాడిన పాటలు వాళ్ల చెవులకు మంత్రాలయ్యాయి. గిర్నీలో మా జొన్నలు పట్టలేదు. ఉప్పుకు పోతే కొట్టాయన నా మొహం చూడకుండానే మెల్లగా అన్నాడు, "రాళ్లు పెట్టినోని పేరు చెప్పుండ్రి. ఒక్క పేరు చాలు. లేకుంటె తండకే అగ్గి పెడ్తరంట."

అందుకే నా పెనిమిటి ఊళ్లోకి వెళ్లాడు. మాపటికి వస్తానన్న మాట తప్పలేదు, నలుగురు మోసుకొచ్చారు. మంత్రం పెట్టిన నోరని ముందరి పళ్లన్నీ పీకేశారు. పెట్టింది నేనని అరవడానికి వాకిట్లోకి ఉరికితే, ఆయన నా గాజుల చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నెల తిరగకముందే పశువుల డాక్టరు వచ్చి, ఇది గొంతువాపు, చుట్టుపక్కల ఊళ్లన్నింటా ఉంది అని సూదులేసి పోయాడు. మర్నాడు దొర మనిషి మా వాకిట నిలబడి, ఏమీ జరగనట్టే, "నాట్లకు మనుషులు తక్కువైన్రు, జల్ది రాండ్రి" అన్నాడు. ఆయనా పోయాడు, నేనూ పోయాను, పోకపోతే ఏం తింటాం. పుండు మానింది. దుక్కిలో ఎద్దులను అదిలించే గొంతు వినేదాన్ని, కాబట్టి మాట ఉందని తెలుసు. మనుషులకే లేదు. అది నా మీద కోపమో, నన్ను మూసుకోమన్న నోటిని తానే మూసుకున్నాడో, ఆయన కన్నుమూసినా నాకు తెలియలేదు.

ఇప్పుడు తండాయే పంచాయతీ అయింది, సర్పంచి మావాడే. ఊరివాళ్లు మా పండుగకు వచ్చి ఫొటోలు దిగుతారు. రోజులు మారినయ్ అవ్వా అంటుంది మనవరాలు. మారాయి, కాదనను, దోసిట్లో నీళ్లు పోసే చెయ్యి ఇప్పుడు లేదు. కానీ పది రోజులుగా కింది ఊళ్లో ఆవులకు ఒంటినిండా గడ్డలు లేస్తున్నాయి, రెండు చచ్చాయి కూడా. నిన్న నేను కొట్టుకు పోతే, రోజూ నాతో పరాచికాలాడే ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేశారు. ఆ ఊరుకోవడం నేను ఇదివరకు ఒకసారి చూశాను. రాళ్లు వాగు పక్కన పాత చోటే పెట్టండి, టెంటు లేకపోతే మానె. అప్పుడు మూడుదార్ల దగ్గర పెట్టింది ఆయనేనని తండా ఈనాటికీ అనుకుంటోంది.

రాసినవా బిడ్డా? ఏది, మొదటి నుంచి చదువు. పెట్టింది నేనే అన్న కాడ జర గట్టిగ చదువు, వాకిట్ల కూసున్నోళ్లకు గూడ ఇనవడాలె.