దొరికిన తాళంచెవి

నా చిన్నప్పుడు, లాల్‌దర్వాజాలో మేమున్న అద్దె ఇంటి తాళంచెవిని తాడుకు కట్టి నా మెడలో వేసేవారు. ఒకరోజు మాదన్నపేట కూరగాయల మార్కెట్లో అది ఎక్కడో జారిపోయింది. ఏడ్చుకుంటూ మార్కెట్టంతా తిరిగాను. చివరికి ఉల్లిగడ్డలు అమ్మే ఆయన పిలిచి చేతిలో పెట్టాడు. గండం గడిచిందనుకుని ఇంటికి పరుగెత్తాను.

సంగతి విన్న మా తాతయ్య మాత్రం కొత్త తాళం కొనడానికి చెప్పులేసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. దొరికాక మళ్లీ కొత్తదెందుకని లొల్లి చేశాను. నాయనమ్మ రొట్టెలకు తడిపిన పిండిలోంచి ఆయన ఒక ముద్ద తీసి, తాళంచెవిని అందులో ఒత్తి, చెవిని తిరిగి నా మెడలో వేశాడు. పిండి మీద దాని పళ్లన్నీ దిగి ఉన్నాయి.

"చెవి నీ మెడలనే ఉన్నది బిడ్డా. మరి గిదేంది? గింతసేపు అది ఎవని చేతిల ఉన్నదో మనకెరుక లేదు. తాళం మార్చుకుంటే ఫికర్ ఉండదు."

ఆ ముద్దనే రొట్టె చేసి నాయనమ్మ నాకు పెట్టింది.

మొన్న ఠాణా నుంచి పిలుపొచ్చింది. నా పేరు మీద తీసుకున్న ఏదో ఫోన్ నంబరుతో ఎవరినో ముంచారట. నాకున్నది ఒక్కటే నంబరు. ఈ వయసులో నేను దొంగను కానని రుజువు చేసుకోవలసి వచ్చింది. ఏ కాగితం మీదో ఉన్న నా వేలిముద్ర చూసి రబ్బరు అచ్చు పోసి ఉంటారని ఎస్సై అన్నాడు. సిమ్ముకు వేలు, రేషనుకు వేలు, పింఛనుకు వేలు. పెట్టకపోతే పని కాదు. ఇంక ఏ చోటని వెతకను?

ఆ నంబరు బంద్ చేయించడానికి ఫోన్ ఆఫీసుకు వెళితే, కౌంటరులోని పిల్ల మిషన్ నా ముందుకు జరిపింది.

"ముందుగాల వేలు పెట్టున్రి అమ్మా."

"దొంగలు ఎత్తుకపోయిందే గా వేలిముద్రను గదనే. మార్చుకుంటనంటే మారుస్తవా?"

"వేలెట్ల మారుస్తరమ్మా" అని నవ్వింది. వెనక లైనుందని కూడా అంది.

వేలు పెట్టాను, పెట్టక ఏం చేయను. ఇంటి తాళంచెవి ఒక్క పూట కనబడకపోయినా నేను ఈనాటికీ తాళం మార్చేస్తాను. వేలికి ఆ దారి లేదు. మిషన్ అద్దం మీద నా వేలి జిడ్డు మిగిలి ఉంటే తాతయ్య పిండిముద్దే కనబడింది. దాన్ని కొంగుతో తుడిచి వచ్చాను. తుడిస్తే ఏమీ ఆగదని తెలుసు, అయినా ఇప్పుడు వేలు పెట్టిన ప్రతిచోటా తుడిచే వస్తున్నాను.