నిజ్వా బురుజు దగ్గర మల్లయ్య పెట్టిన దండం

విగ్రహం ఒక్కటీ లేని ఊరు చూడాలని నాకు ఎంతో ఆశ. డెబ్బైల నడిమి సంవత్సరాలవి. మస్కట్‌లో తాపీపని చేస్తూ, శుక్రవారాలు హమ్రియాలోని మా రూమ్‌లో వాక్యం చెప్పేవాణ్ణి. బడి మొహం చూడలేదు. లేఖనం కూడబలుక్కునే అక్షరాలు నేర్చాను. రాతికి మొక్కడం తప్పని చెబుతుంటే నా గొంతు వీధి చివరిదాకా వినబడేది. మస్కట్‌కు దూరంగా కొండల్లో ఉన్న నిజ్వా అలాంటి ఊరేనని విన్నాను. అయితే అక్కడికి ప్రయాణానికి అసలు కారణం నా తోటి కూలి మల్లయ్య. జగిత్యాల వైపు శిల్పి. ఇక్కడ క్రషర్ దగ్గర రాళ్లు మోసేవాడు. ఆ దుమ్ముకు ఆరు నెలల్లోనే ఆయాసం పట్టుకుంది. నిజ్వా కోట మరమ్మతుకు చేతిపని తెలిసినవాడు కావాలని, శుక్రవారం నమాజుకు ముందే అక్కడి పెద్దమేస్త్రీకి పని చూపించాలని సూపర్‌వైజర్ చెప్పాడు. కుదరకపోతే మల్లయ్య ఇంటిదారి పట్టాల్సిందే. అతనికి అరబ్బీ రాదు. నాకు సైట్లో పట్టుబడ్డ నాలుగు ముక్కలున్నాయి.

తెల్లవారి అయిదింటికి రువీలో పికప్ ఎక్కాం, తలకు రియాలున్నర. సమాయిల్ లోయలోకి తిరిగేసరికి రెండు వైపులా నల్లటి కొండలు, మధ్యలో ఖర్జూర తోటల పచ్చదనం! తారు కొంతదూరమే, తర్వాత అంతా కంకర రోడ్డు. ఆ కొండలు చూసి ఆగలేక కీర్తన అందుకున్నాను. "భాయ్, జర ధీరే! ఇంజన్ చప్పుడు నాకు వినపడాలి," అని నవ్వాడు బలూచీ డ్రైవర్.

"అన్నా, ఆ ఊర్ల ఒక్క బొమ్మ గూడ లేదంటివి," అన్నాడు మల్లయ్య. "మరి బొమ్మలు చెక్కెటోన్ని నన్నెందుకు తోల్కపోతున్నవ్?"

"నిన్ను బాగుచెయ్యడానికేరా!"

"నన్ను గాదన్నా, గోడను బాగుచేస్తె సాలు."

ఎనిమిదిన్నరకు నిజ్వా. కూడలిలో రాజు బొమ్మ లేదు, గుర్రం మీద వీరుడు లేడు. ఊరంతటికీ ఒక్కటే గుర్తు, ఆ గుండ్రటి బురుజు! వడ్లగాదెను వందరెట్లు పెంచి నిలబెట్టినట్టుంది. లోపల మెట్లకు మలుపు మలుపునా తలుపు, పైన కన్నాలు. శత్రువు దూరితే ఆ కన్నాల్లోంచి కాగిన ఖర్జూరపు పాకం పోసేవారట.

పెద్దమేస్త్రీ తెల్లగడ్డం ముసలాయన. కాల్చిన మట్టి, సున్నం కలిపిన ముద్ద ఇచ్చి, పూత రాలిన చోటు చూపించి "యల్లా", ఇక కానిమ్మన్నాడు. మల్లయ్య చెప్పులు విడిచాడు. తాపీ కళ్లకద్దుకున్నాడు. గోడకు నుదురు ఆనించి, చేతులు జోడించాడు.

ముసలాయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఇతను రాతికి మొక్కుతున్నాడా?" అని నన్నడిగాడు.

అవునంటే పని పోతుంది. కాదంటే అబద్ధమేమో, అబద్ధమాడే నాలుక మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! మల్లయ్య వైపు తిరిగి అరిచాను. "ఎవరికిరా ఆ దండం? రాయికా?"

"రాయికెందుకన్నా? పనికి. నువ్వు బువ్వ ముందట కండ్లు మూస్తవ్ గద, బువ్వకే మొక్కుతున్నవా?"

దేవుని గుడారం కట్టిన శిల్పికి చేతి నేర్పు ఇచ్చింది దేవుడేనని నా లేఖనంలోనే ఉంది. ప్రసంగాల్లో ఆ పుట నేనెప్పుడూ తియ్యలేదు. వచ్చీరాని అరబ్బీలో ముసలాయనకు చెప్పాను: "రాతికి కాదు. మీరు అన్నానికి ముందు బిస్మిల్లా అంటారు. ఇతను పనికి ముందు."

ఆయన గోడ దగ్గర్నుంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. "అయితే కానివ్వమను," అన్నాడు.

రెండు గంటలు మల్లయ్య పూత వేశాడు, కర్రతో కొట్టాడు, నున్నటి రాయితో రుద్దాడు. ముసలాయన కళ్లు మూసుకుని పాత పూత మీంచి కొత్త పూత మీదికి వేలు నడిపించాడు. అంచు దొరకలేదు. మళ్లీ నడిపించాడు. "ఇతను ఇక్కడే ఉంటాడు," అన్నాడు. నేను వేసిన స్తోత్రం కేకకు బురుజు మీది పావురాలన్నీ లేచిపోయాయి!

రాతికి మొక్కకూడదనే ఇప్పటికీ చెబుతాను. కానీ ఎదుటివాడి దండం ఎవరికో ముందు అతన్నే అడుగుతాను. ఆ సాయంత్రం మస్కట్‌కు నా పక్క సీటు ఖాళీగా వచ్చింది, అంత సంతోషంగా నేనెప్పుడూ ఒంటరిగా ప్రయాణం చెయ్యలేదు. మీరు శుక్రవారం వెళ్లేటట్టయితే నమాజు వేళకు తలుపులు మూస్తారేమో ముందే కనుక్కుని, పొద్దున్నే బురుజు ఎక్కండి. మెట్లు ఒకే ఎత్తులో ఉండవు, ఒక చెయ్యి గోడ మీద ఉంచండి.