వెనిస్‌లో పడవ ముహూర్తం

పెళ్ళిరోజు జరుపుకోవడానికి ఇటలీలోని వెనిస్ నగరం వెళ్ళదలచిన దంపతులకు పనికొస్తుందని నా డైరీ చూసి ఇది రాస్తున్నాను. మేము చేసిన పొరపాట్లు కూడా సమయాలతో సహా ఉన్నాయి.

ముందు ప్రయాణ కారణం. నలభై ఏళ్ళ క్రితం, పెళ్ళయిన మర్నాడు మా ఆవిడ వరలక్ష్మిని రాజమండ్రి రేవులో పడవ ఎక్కించి గోదావరి మీద తిప్పుతానని మాటిచ్చాను. తెల్లవారేసరికి రామచంద్రపురం దగ్గర కాలువకి గండి పడిందని కబురొచ్చింది. నేను ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసు ఉద్యోగిని, వెళ్ళక తప్పలేదు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు రోజూ ఉదయం ఆరింటికి గోదావరి నీటిమట్టం డైరీలో రాశాను గానీ, ఆవిడని పడవ ఎక్కించడానికి తీరిక దొరకలేదు. ఒకసారి వరదల్లో సహాయక పడవ ఎక్కింది. దాన్ని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు.

నలభయ్యో పెళ్ళిరోజుకి వెనిస్‌లో, గొండోలా అనే పొడవాటి నల్ల పడవ ఎక్కించి మాట నిలబెట్టుకోవాలని నా సంకల్పం. గేదె ఈనే రోజులు కాబట్టి అక్కడ రెండు రాత్రుల కన్నా ఎక్కువ ఉండనని ఆవిడ షరతు.

బుధవారం సాయంత్రం రాజమండ్రిలో రైలెక్కాం. బండి ఆరింటికైతే మూడున్నరకే ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. గురువారం హైదరాబాదులో విమానం. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి వెనిస్‌లో దిగాం.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పడవలున్నాయి. మా ఆవిడ గబగబా అటు నడిచింది.

"ఆగు," అన్నాను. "మొదట ఎక్కే పడవ గొండోలాయే కావాలి. అదీ రేపు, పెళ్ళిరోజున. ఇప్పుడు బస్సు."

"ఏంటండీ, ఊరంతా నీళ్ళ మీద ఉంటే బస్సేంటి?"

బస్సులోనే వెళ్ళాం. ఊరి అంచున అది ఆగిపోతుంది. అక్కడి నుంచి హోటలుకి నడిచాం. వెనిస్‌లో ప్రతి వంద గజాలకీ ఒక వంతెన, ప్రతి వంతెనకీ మెట్లు. చక్రాల పెట్టె కొనేవారు చక్రాలు చూసి కాదు, పిడి చూసి కొనండి. ఆ సాయంత్రం అంతా కాలినడకనే చూశాం. పడవలు మా పక్కనుంచే పోతుంటే ఆవిడ ఒక్కొక్కదాన్నీ తల తిప్పి చూసింది. నేను వంతెనలు లెక్కపెట్టాను, పంతొమ్మిది. భోజనం వంకాయ ముక్కలు పరిచిన పిజ్జా, మాగాయ మాది. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. మోకాళ్ళ సంగతి ముందే ఆలోచించుకోండి.

శనివారం పెళ్ళిరోజు. ఎనిమిదిన్నరకల్లా పడవల రేవులో ఉండాలని నా పథకం. మా ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు సరిచేసుకునేసరికి కొంచెం ఆలస్యమైంది. రేవు చేరేటప్పటికి తొమ్మిదీ అయిదు. చారల బనీను వేసుకున్న పడవవాడు నవ్వుతూ చెయ్యందించాడు. నేను జేబులోంచి చిన్న పంచాంగం తీశాను.

"వరలక్ష్మీ, శనివారం రాహుకాలం తొమ్మిదింటికి వచ్చేసింది. పదిన్నర దాటాక ఎక్కుదాం."

"మనిద్దరికే వీసా ఇవ్వడానికి అన్ని కాగితాలు అడిగారు. రాహువుకి ఎవరిచ్చారండీ?"

"నలభై ఏళ్ళు ఆగావు, గంటన్నర ఆగలేవా?"

ఆవిడ నా వంక ఒకసారి చూసి మెట్టు మీద కూర్చుంది. పడవవాడు నీళ్ళనీ, దగ్గర్లోని వంతెననీ చూపించి వచ్చీరాని ఇంగ్లీషులో "ఇప్పుడే మంచిది, తర్వాత కాదు" అన్నాడు. బేరం కోసం తొందరపెడుతున్నాడనుకున్నాను. నీటి సంగతి నాకు వీడా చెప్పేది? మెట్లు చూశాను. నాలుగు మెట్లు నీటికి పైన ఉన్నాయి. వాన లేదు, ఎగువనుంచి ప్రవాహం లేదు. నీరు పెరగడానికి కారణమే లేదని డైరీలో రాసుకున్నాను.

తొమ్మిదిన్నరకి ఒక మెట్టు మునిగింది. పదింటికి రెండోది. పదీ ఇరవైకి చీర అంచు తడిసేసరికి మా ఆవిడ లేచి నిలబడింది. పదిన్నరకి, రాహుకాలం సరిగ్గా వెళ్ళిన నిమిషానికి, పడవవాడు పడవని గుంజకి కట్టేసి టోపీ తీశాడు. నీళ్ళు పెరిగితే వంతెనల కింద పడవ పట్టదట.

"లాకు తలుపులు ఎవరు ఎత్తారు?" అని అడిగాను.

అతను వేలు ముందు సముద్రం వైపు చూపించాడు, తర్వాత ఆకాశం వైపు. నేను మళ్ళీ పంచాంగం తీశాను. రాహుకాలం గడి పక్క గడిలోనే ఉంది, కార్తీక పౌర్ణమి. పౌర్ణమికి సముద్రం పెద్ద పోటు మీద ఉంటుందని మన తీరంలో వలలు వేసే వాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ గడి చూడలేదంతే.

తడిసిన పట్టుచీరతో, చీలమండల లోతు నీళ్ళలో కొంత, నడవడానికి పరిచిన బల్లల మీద కొంత నడిచి హోటలుకి చేరాం. మూడింటికి నీళ్ళు తీశాయి, వెళ్దామా అన్నాను.

"వద్దులెండి. మీ ముహూర్తం అయిపోయింది కదా," అని అటు తిరిగి పడుకుంది. రాత్రి భోజనం దగ్గర మాగాయ అందించమన్న మాట తప్ప మరొకటి మాట్లాడలేదు. నలభయ్యో పెళ్ళిరోజు పేజీలో ఆ సాయంత్రానికి రాయడానికి నాకేమీ దొరకలేదు.

ఆదివారం ఉదయం మళ్ళీ అడిగాను. "పెళ్ళిరోజు నిన్న," అంది. ఇక అడగలేదు. సాయంత్రం నాలుగున్నరకి పెట్టె పట్టుకుని బస్సు కోసం బయలుదేరాం. వంతెనల మెట్లు తలుచుకుని నా మోకాలు మొరాయించింది. అది చూసి హోటలావిడ, "చుట్టూ తిరగడం ఎందుకు? సందు చివర రేవులో పెద్ద కాలువ దాటిస్తారు. అటు నుంచి వంతెనలు తక్కువ," అంది.

సందు చివరికి వెళ్ళాం. అచ్చంగా మన రేవే. కూరగాయల సంచులతో ఇద్దరు ముసలమ్మలు, కుక్కతో ఒకాయన. పడవ మాత్రం గొండోలా. పాతది, మెత్తలు లేవు, ఇద్దరు తెడ్లు వేస్తున్నారు. వాచీ చూశాను. నాలుగూ నలభై. ఆదివారం రాహుకాలం నాలుగున్నరకి మొదలవుతుంది. నోరు తెరవబోయాను.

మా ఆవిడ నా వాచీ మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "ఎక్కండి."

ఎక్కాం. ముసలమ్మలు జరిగి ఆవిడకి చోటిచ్చారు. ఆవిడ వంగి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తల మీద చల్లుకుంది, నా మీద కూడా. అప్పుడే చంద్రుడు పైకి వస్తున్నాడు.

"మీరు ఎక్కిస్తానన్నది పెళ్ళిరోజున కాదండీ," అంది. "మర్నాడు."

అవతలి ఒడ్డు రెండు నిమిషాల్లో వచ్చేసింది. ఇంకొంచెం వెడల్పుగా తవ్వించాల్సిందనిపించింది.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదు నుంచి రైల్లో మా ఎదుటి సీటాయన తణుకు వారు. తామూ భార్యని తీసుకుని వెనిస్ వెళ్ళాలనుకుంటున్నామని, పడవ ఎన్నింటికి ఎక్కితే మంచిదో చెప్పమని అడిగారు. నేను డైరీ తెరిచి పోటు, పాటు, రాహుకాలం మూడూ కలిపి చూస్తున్నాను.

"ఆయన లెక్క తేలేలోపు మీ ఊరొచ్చేస్తుందండీ," అంది మా ఆవిడ. "విమానం దిగగానే, ఏ పడవ ముందు కనపడితే అది ఎక్కేయండి."

వెళ్ళదలచిన వారికి నేను చెప్పేదీ అదే. శనివారం వేసిన లెక్కలు నా డైరీలో అయిదు పేజీలున్నాయి. ఆదివారం పడవ ఎక్కిన సమయాన్ని మాత్రం మా ఆవిడ కలం తీసుకుని కొట్టేసింది. అలాగే ఉంచాను.