మా అమ్మను విలన్ చేసిన సినిమా

సంగీతకారుల జీవితాల మీద తీసిన సినిమాలంటే నాకు ఒళ్లు మంట. ఆ సినిమాల్లో వాగ్గేయకారుడు కళ్లు మూసుకుంటే చాలు, ఎక్కడి గాలో వచ్చి దీపం రెపరెపలాడుతుంది, ఆకాశం ఉరుముతుంది, పల్లవి మొదలుకొని ఆఖరి చరణం దాకా కీర్తన ఒక్క ఊపిరిలో పుట్టేస్తుంది. పుట్టకపోతే కారణం ఎవరు? ఇంకెవరు, పెళ్లాం! గయ్యాళి పెళ్లాం లేని వాగ్గేయకారుణ్ణి తెర మీద నేనింతవరకు చూడలేదు.

మా బాపు, అంటే మా నాన్న, కీర్తనలు కట్టేవాడు. సిద్దిపేటలో చీరలు నేసే మనిషి. భజన మండలిలో ఒక పెద్దాయన దగ్గర రాగం, తాళం నేర్చుకున్నాడు. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, నేస్తూనే పాట కట్టేవాడు. ఉరుమూ లేదు, మెరుపూ లేదు. ఒక్కో చరణానికి పదిహేను రోజులు పట్టేది. చేతులు మగ్గం మీద ఉండేవి కాబట్టి రాసేది అమ్మ. పక్కనే రాట్నం మీద నూలు కండెలు చుడుతూ, ఆయన ఒక లైను పాడగానే రాట్నం ఆపి, మా బడి నోటుబుక్కులో పెన్సిలుతో రాసేది. ఊరికే రాయడం కాదు. "గా మాట నోరు తిరుగుతలేదు, ఇంకోటి వెట్టు," అనేది. "అయితె నువ్వే కట్టు!" అని బాపు మండిపడేవాడు. ఒక్క మాట మీద పోట్లాడుకుని రెండు రోజులు మాట్లాడుకోని సందర్భాలున్నాయి. మూడో రోజు ఆయన ఆ మాట మార్చేవాడు.

బాపు పోయాక ఒక గాయని ఆ కీర్తనలు కచేరీల్లో పాడింది. దాంతో హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరు మా ఇంటికి వచ్చాడు. అమ్మ చాయ్ పోసి, నోటుబుక్కులన్నీ తెచ్చి ముందు పెట్టింది. ఒకదాని అంచులు కాలి ఉన్నాయి. ఏమైందని అడిగాడు. "గూట్లకెంచి జారి పొయ్యిల వడ్డది బిడ్డా. చెయ్యి వెట్టి గుంజిన," అంది అమ్మ. అరచెయ్యంతా బొబ్బలెక్కి నెల రోజులు కండెలు చుట్టలేకపోయిందని నేను చెప్పాను. అతను ఆ కాలిన అంచుల్ని వేలితో తడిమి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాపం, ఎంత మంచివాడో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సినిమా మా ఊళ్లో ఆడిన మొదటి రోజు మమ్మల్ని పిలిచి, శాలువా కప్పి, హాలు మధ్యలో కూర్చోబెట్టారు. తెర మీద బాపు పట్టుపంచె కట్టుకుని వానలో తడుస్తూ ఆలపిస్తున్నాడు. మా బాపు జన్మలో పట్టుపంచె కట్టలేదు. సరే, అదన్నా ఓర్చుకోవచ్చు. ఇంట్లో ఆయన భార్య జుట్టు విరబోసుకుని, "పాటలు వండుకొని తింటమా!" అని అరుస్తూ నోటుబుక్కుల్ని ఒక్కొక్కటే పొయ్యిలో పడేసింది. బాపు వేషగాడు పరుగెత్తుకొచ్చి మంటల్లో చెయ్యి పెట్టి ఒక్క పుస్తకాన్ని బయటికి తీశాడు. అంటే మా అమ్మ కాల్చుకున్న చెయ్యి కూడా ఆయనకే ఇచ్చేశారన్నమాట!

మా వెనక సీటామె, "దీని చేతులిరగ! దేవునసొంటి మనిషికి గిదేం పెండ్లామే!" అని శాపనార్థాలు పెట్టింది. నేను లేచి వెనక్కి తిరగబోతే అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "కూసో. గది నేనే అని ఆమెకేం ఎరుక," అంది. ఆట అయ్యాక డైరెక్టరు వచ్చి అమ్మ కాళ్లకు మొక్కాడు. లాగి ఒకటి పీకాలనిపించింది. అమ్మ మాత్రం అతని తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు," అంది.

ఇక చూడండి. కూరగాయల దగ్గరా, బస్సులోనూ, పెళ్లిళ్లలోనూ అదే ప్రశ్న. "నిజంగనే కాలవెట్టినవా అక్కా?" మొదట్లో అమ్మ నవ్వి, జరిగిందంతా విడమరిచి చెప్పేది. విన్నవాళ్లు తల ఊపి, "పోనీ తియ్యి, అప్పటి కష్టాలు అసొంటియి," అని ఓదార్చేవాళ్లు. ఓదార్పట, ఓదార్పు! ఏడాది తిరిగేసరికి అమ్మ చెప్పడం మానేసింది. ఎవరైనా అడిగితే ముఖం తిప్పుకునేది.

మొన్న ఆ సినిమా టీవీలో వేస్తారని తెలిసింది. టీవీలో వచ్చిందంటే ఇక ప్రతి ఇంట్లోనూ పాటలు కాల్చిన ఆడది మా అమ్మే అవుతుంది. ఆ ఒక్క సీను తీసెయ్యమని డైరెక్టరుకు ఫోను చేశాను.

"సినిమాకి ప్రాణమే ఆ సీను మేడం. గొప్పవాడి కథలో ఒక అడ్డంకి ఉండాలి కదా," అన్నాడు.

"అడ్డంకి గావాల్నంటె మీ అమ్మను వెట్టుకోకపోయినవా!" అన్నాను.

అతను నొచ్చుకోలేదు. "సరే మేడం. 'నేను కాల్చలేదు' అని అమ్మగారిని ఒక్క మాట చెప్పమనండి. తీసేస్తాను. మాటిస్తున్నాను," అన్నాడు.

అంతకన్నా ఏం కావాలి! ఫోను స్పీకర్లో పెట్టి అమ్మ ముందు పట్టుకున్నాను. "చెప్పమ్మా. నువ్వు కాలవెట్టలేదని చెప్పు," అన్నాను.

అమ్మ ఫోను వంక చూసింది. నా వంక చూసింది.

"గంతమంది సూసిన్రు గద బిడ్డా," అంది మెల్లగా. "కోపమైతె వచ్చేది నాకు. పొయ్యిల ఏసిన్నేమో. నాకే యాదికి లేదేమో."

"అమ్మా!" అని అరిచాను.

"విన్నారు కదా మేడం," అన్నాడు అతను.