రాహేలు టీచరుగారి తియ్యటి నుయ్యి

రాహేలు టీచరుగారి నూతినీళ్ళు తాగనివాళ్ళు మురమళ్ళ అవతల ఆ పేటలో ఉండరు. తాగి 'బాగున్నాయండి' అనందే ఆవిడ గ్లాసు కింద పెట్టనివ్వరు కూడా. పొగిడించుకోవడంలో ఆవిడకు మొహమాటం లేదు. ఎందుకుండాలి? ఆవిడ తండ్రి దావీదు పాలేరుగా ఉన్న రోజుల్లో ఊరివాళ్ళ నూతిలో చేద వేసే హక్కు పేటవాళ్ళకు లేదు. ఎవరో దయతలచి పోస్తే దోసిలి పట్టాలి. అలా పట్టలేక ఆయన పగలు కూలికి పోయి, సాయంత్రాలు తన దొడ్లో గునపం పట్టి నుయ్యి తవ్వాడు. కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు పడ్డాయి. పేటంతా బిందెలు పట్టుకొచ్చింది. ఆ నీళ్ళు తాగే రాహేలు చదువుకుంది, టీచరైంది, రిటైరూ అయింది.

అలాంటి నుయ్యి, చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక, ఉప్పెక్కింది. మొదట పప్పు ఉడకనని మొరాయించింది. తరువాత టీ విరిగింది. టీచరుగారు ఆ సంగతి పైకి పొక్కనివ్వలేదు. పెరటిదారిన మంచినీళ్ళ టిన్నులు తెప్పించి, స్టీలు బిందెలో పోసి, వచ్చినవాళ్ళకు 'మా నాన్నగారి నూతివి' అని ఇచ్చేవారు. ఆదివారం తప్పకుండా గుడికెళ్ళే మనిషి, అబద్ధమాడుతున్నానని తెలియకనా? పరువు పిచ్చి అలాంటిది.

ఇంతలో మాణిక్యాలరావు అనే ఆసామి పేటను ఆనుకుని మరో చెరువు తవ్వుతానన్నాడు. అదే గనక వస్తే ఇళ్ళ గోడలకు కూడా ఉప్పు పాకుతుంది. వద్దని అర్జీ రాసింది టీచరుగారే. దాని మీద, నీటిమట్టమూ ఉప్పూ చూడడానికి భూగర్భజలాల ఆఫీసు నుంచి లక్ష్మీదుర్గ అనే అమ్మాయి వచ్చింది. కుళాయిలొచ్చాక పేటవాళ్ళంతా తమ నూతులు పూడ్చేసుకున్నారు కాబట్టి కొలవడానికి మిగిలింది టీచరుగారి నుయ్యి ఒక్కటే.

పేటంతా పోగయింది. లక్ష్మీదుర్గ టేపు దించి మట్టం చూసుకుని, "కొంచెం నీళ్ళు కావాలండి, ఉప్పు చూడాలి," అంది.

"ఇంత ఎండలో నువ్వు చేద లాగడమేంటమ్మా? పొద్దున్నే తోడి ఉంచేనుగా," అంటూ టీచరుగారు వంటింట్లోకి వెళ్ళారు. అలవాటుపడ్డ చెయ్యి అలవాటైన బిందెలోకే పోయింది. ఇంటికొచ్చిన మనిషి నీళ్ళడిగితే ఉప్పునీళ్ళు ఎలా ఇస్తారు మరి!

లక్ష్మీదుర్గ గ్లాసులో మీటరు ముంచి చూసి ఆశ్చర్యపోయింది. "ఇంత మంచి నీళ్ళు ఈ చుట్టుపక్కల ఎక్కడా చూడలేదండి. ఇలాగే రాస్తే చెరువులవల్ల నష్టమేం లేదనే అవుద్దండి. మీ అర్జీ నిలబడదు."

టీచరుగారు పక్కింటి శ్యామ్ బాబు వైపు చూశారు. అతను తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ఎదురింటి క్రిస్టీనా చంకలో బిడ్డను సర్దుకుంటోంది.

ఆవిడ చీరకొంగు దోపుకుని, చేద వేసి, తానే ఒక బొక్కెన తోడారు. "ఇవమ్మా మా నూతినీళ్ళు. ఆ గ్లాసులోవి కొన్నవి. నేను అబద్ధమాడేను."

మీటరు మళ్ళీ మునిగింది. లక్ష్మీదుర్గ అంకె చూసి, మొదట రాసింది కొట్టేసి, కొత్తది రాసుకుంది.

టీచరుగారు పేటవాళ్ళ వైపు తిరిగారు. "మూడేళ్ళ నుంచీ మిమ్మల్నందర్నీ మోసం చేసేను. క్షమించండి నాయనా."

"ఆయ్, మాకు తెలుసండి," అన్నాడు శ్యామ్ బాబు మెల్లగా. "ఆ టిన్నుల ఆటో మా పెరటి ముందునుంచే కదండీ వచ్చేది."

"తెలిసీ ఇందాక చెప్పొద్దా? చెరువొచ్చి నెత్తిన పడేదిరా!"

"ఎలా చెప్తామండి? దావీదు తాతగారి నూతిని పట్టుకుని ఉప్పని మా నోటితో ఎలా అంటామండి?"

తన పరువు పోకూడదని వీళ్ళంతా ఆ చెరువునైనా భరిద్దామనుకున్నారు. టీచరుగారు నూతిగట్టు మీద కూలబడి, పేటంతా చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చారు.